తలుపు పక్క తాఖీదు: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
లాగు బరువు జూచి లంఘించి కొనవద్దు
మోయు బరువు చూడు ముందుగాను
తలుపు పక్కనున్న తాఖీదు చదవక
కొండ దిగెడి వేళ గోలయేల

అవతారిక. ఈ పద్యకర్త ఎవరో తెలియదు. మకుటం లేదు కాబట్టి ఏ శతకంలోనూ కలపడానికి వీల్లేదు. అయినా అంతస్సాక్ష్యాన్ని బట్టి కొంత ఊహించవచ్చు. కొండ దిగడాన్ని ఒక ఘట్టంగా చెప్పాడు గనుక కొండల్లేని ఊరివాడు; డాలస్ పక్కన ఫ్రిస్కోనో ప్లేనోనో అయి ఉంటుంది. గోల సంగతి తెలుసు గనుక సంసారి. ముందుగా చూడమని నొక్కి చెప్పాడు గనుక, తాను వెనకాల చూసినవాడు.

సందర్భం ఇది. బడులకు వేసవి సెలవులు ఇచ్చారు. టెక్సస్ ఎండ వంద ఫారెన్‌హీట్ దాటింది. విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారూ మామగారూ కిటికీలోంచి వీధి చూసి చూసి, ఆ వీధిలో మనిషన్నవాడు కనబడక విసుగెత్తి ఉన్నారు. వాళ్ళకు యెల్లోస్టోన్ చూపించాలని అల్లుడికి సంకల్పం కలిగింది. పార్కు దగ్గర హోటలు గదుల అద్దె చూడగానే ఆ సంకల్పం సడలింది. అంతలో పొరుగింటి వాకిట్లో ఒక క్యాంపింగ్ ట్రైలరు కనబడింది. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది. మన పప్పుచారు మనమే కాచుకోవచ్చు, దారిలో ఎవరి బాత్రూమూ వెతుక్కోనక్కర్లేదు అని ఇల్లాలు కూడా మొగ్గింది. (కొద్దిరోజులకే హెచ్‌ఓఏ అనే కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం వారి ఉత్తరం వచ్చి ఆ పొరుగు ట్రైలరు అద్దె స్థలానికి తరలిపోయింది. ఆ అద్దె ఎంతన్నది ఈ పద్యానికి విషయం కాదు.) ట్రైలరు తనంతట తాను కదలదు. దాన్ని లాగడానికి పికప్ ట్రక్కు కావాలి. ఆ ట్రక్కు కొందామని డీలరు ఆవరణలో నిలబడ్డ గృహస్థుడికి కవి చెప్పిన మాట ఇది.

ప్రతిపదార్థం. లాగు బరువు జూచి = బ్రోచరు మొదటి పుటలో కొట్టొచ్చినట్టు వేసిన అంకెను చూసి; లంఘించి = సంతకం మీదికి దూకి; కొనవద్దు = కొనకు; మోయు బరువు = ట్రక్కు తన వీపు మీద భరించగలిగిన బరువును; ముందుగాను = ట్రైలరుకు అడ్వాన్సు ఇవ్వకముందే; చూడు = కళ్ళజోడు పెట్టుకొని చూడు; తలుపు పక్కనున్న = డ్రైవరు తలుపు తెరిస్తే కనబడే నిలువు కమ్మీకి అంటించి ఉన్న; తాఖీదు = పసుపు పట్టీ గల తెల్ల స్టిక్కరును; చదవక = చదవకుండా; కొండ దిగెడి వేళ = ఏడు వేల పౌండ్లు వెనకనుంచి తోస్తుండగా కనుమ దిగే సమయంలో; గోల = కేకలు, దైవప్రార్థన, పరస్పర నిందారోపణ; ఏల = ఎందుకయ్యా.

తాత్పర్యం. ట్రక్కు ఎంత లాగుతుందన్న అంకె కన్నా ఎంత మోస్తుందన్న అంకె ముఖ్యం. మొదటిది కంపెనీవారు అడక్కుండానే చెబుతారు. రెండోది తలుపు తెరిస్తేగాని కనబడదు.

ఇక విశేషాలు.

లాగు బరువు. మీమాంసకులు వేదవాక్యాలను విధి, నిషేధం, అర్థవాదం వగైరాలుగా విడదీస్తారు. చేయమనేది విధి, చేయవద్దనేది నిషేధం. పొగిడి ఉత్సాహపరిచేది అర్థవాదం. దాన్ని పట్టుకొని యజ్ఞం మొదలుపెడితే చిక్కే. "13,000 పౌండ్లకు పైగా లాగును" అనే బ్రోచరు వాక్యం శుద్ధ అర్థవాదం. అలాగని అబద్ధం కాదు. ఫలానా ఇంజను, ఫలానా ఇరుసు నిష్పత్తి, ఫలానా టోయింగ్ ప్యాకేజీ కుదిరిన ఒకానొక ట్రక్కు నిజంగానే అంత లాగుతుంది. గృహస్థుడు ముచ్చటపడి చూస్తున్న, తోలు సీట్లూ పైకప్పు నిండా అద్దమూ ఉన్న ట్రక్కు మాత్రం అది కాదు. ఇరుసు నిష్పత్తి అన్నాను గదా: 3.31, 3.55, 3.73 అని అంకెలుంటాయి. అంకె పెరిగినకొద్దీ లాగే సత్తువ పెరుగుతుంది, పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది. డీలరు ఆవరణలో వరసగా నిలిపిన బండ్లలో ఏ అంకె ఉందో బయటనుంచి చూస్తే తెలియదు. కిటికీకి అతికించిన ధరల కాగితం మీద వెతకాలి.

నిజానికి లాగడమన్నది లోకం అనుకునేంత గొప్ప విద్య కాదు. వాలీ బయమ్ అనే ఆయన 1930లలో ఎయిర్‌స్ట్రీమ్ అనే వెండి రంగు అల్యూమినియం ట్రైలరు కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీకి 1947లో తీసిన ఒక ప్రసిద్ధమైన ఫొటో ఉంది. ఆల్ఫ్రెడ్ లెటోర్నర్ అనే ఫ్రెంచి సైకిల్ పందేల వీరుడు ఆ ట్రైలరును సైకిలుకు కట్టి లాగుతున్నాడు. సైకిలు! తర్వాత ఆ బొమ్మే కంపెనీ చిహ్నమైంది. 2012 అక్టోబరులో లాస్ ఏంజిలెస్‌లో ఎండెవర్ స్పేస్ షటిల్‌ను మ్యూజియంకు తరలిస్తున్నప్పుడు 405 ఫ్రీవే మీది వంతెనను దాటించడానికి ఒక టొయోటా టండ్రాను కట్టారు. షటిలు, దాని బండి కలిపి దాదాపు 2,92,000 పౌండ్లు. టండ్రా మెల్లగా లాక్కుపోయింది. టీవీలో చూసి చప్పట్లు కొట్టిన మన గృహస్థుడు గమనించని సంగతి ఒకటుంది. సైకిలు వీపు మీద గాని, టండ్రా వీపు మీద గాని ఆ బరువు కూర్చోలేదు. సమతలం మీద నెమ్మదిగా వెళ్ళారు. గాలి వీచలేదు, కొండ రాలేదు, పక్కనుంచి పద్దెనిమిది చక్రాల లారీ దూసుకుపోలేదు. ఇంట్లోవాళ్ళెవరూ వెనక సీట్లో లేరు.

ఈ అర్థవాదానికి కొంత కళ్ళెం వేసినది జె 2807 అనే కొలత పద్ధతి. ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ వారు రాశారు. అంతకుముందు ఏ కంపెనీ కొలత ఆ కంపెనీదే. 2011 మోడళ్ళతో టొయోటా మొదట దీనికి తలొగ్గింది, మిగతావాళ్ళు కొన్నేళ్ళు వెనకాముందాడి చేరారు. అరిజోనాలో డేవిస్ డ్యామ్ నుంచి పైకి పోయే పదకొండు మైళ్ళ పైచిలుకు ఎగువ దారి దీనికి పరీక్షా స్థలం. మండుటెండలో, ఏసీ నిండుగా పెట్టుకొని, మామూలు ట్రక్కయితే గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా ఎక్కాలి. మంచి పరీక్షే. కాని ఆ లెక్కలో ట్రక్కులో ఉండేది ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌండ్లు. అంటే 68 కిలోలు. సంక్రాంతి వెళ్ళిన నెల్లో అంత బరువున్న మగవాడు మన తెలుగు అసోసియేషన్ పిక్నిక్కులో ఎంతమంది దొరుకుతారో కవి చెప్పలేదు, వ్యాఖ్యాత అడగడు.

లంఘించి. ఇక్కడ పూర్వపక్షం వస్తుంది. దాన్ని వెంట వచ్చిన బావమరిది నోట వినాలి.

"బావా, పదమూడు వేలు లాగుతుందంట. మన ట్రైలరు ఏడు వేలే కదా. సగానికి సగం బలం మిగిలిపోతుంది, ఇంకేం ఆలోచిస్తావు?"

సేల్స్‌మన్‌కు తెలుగు రాదు గాని, తల ఊపాల్సిన చోటు తెలుసు.

దీనికి సిద్ధాంతం ఇది. ట్రైలరు బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. అందులో నూటికి 10 నుంచి 15 వంతులు ముందుకు వచ్చి ట్రక్కు కొక్కెం మీద కూర్చుంటాయి. దీన్ని అమెరికావాళ్ళు టంగ్ వెయిట్ అంటారు, మనం నొగ బరువు అందాం. పదమూడు వేల పౌండ్ల ట్రైలరుకు పన్నెండున్నర శాతం లెక్కన నొగ బరువు 1,625 పౌండ్లు. ఆ వరసలోని చాలా ట్రక్కులు మోయగలిగేదే అటూ ఇటూగా అంత. అంటే బ్రోచరులో రాసినంత ట్రైలరును ఆ ట్రక్కు లాగుతుంది, సందేహం లేదు. కాకపోతే నడిపేవాడు దిగిపోవాలి.

మోయు బరువు. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. రెండు చక్రాల ఎడ్లబండికి గడ్డి వేసినవాడికి ఈ నొగ బరువు సంగతి వేరే చెప్పక్కర్లేదు. మోపులు మరీ ముందుకు పేరిస్తే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది, నాలుగు అడుగులకే నురగలు కక్కుతాయి. మరీ వెనక్కి పేరిస్తే నొగ పైకి లేస్తుంది, కాడి మెడమీద నిలవక బండి అటూ ఇటూ కొట్టుకుంటుంది. ట్రైలరుకూ ఇదే ధర్మం. నొగ బరువు పది శాతానికి తగ్గితే హైవే మీద ట్రైలరు తోక ఊపడం మొదలెడుతుంది. ఆ భయానికి బాగా ముందుకు సర్దితే ట్రక్కు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగు చేతిలో ఉన్నట్టే ఉండి మాట వినదు. కనుక నొగ బరువును తగ్గించుకొని మోత లెక్క సరిచేద్దామనుకోవడం కుదరదు. ఆ బరువు ఉండి తీరాలి, దాన్ని మోసే ట్రక్కు ఉండి తీరాలి.

ఇప్పుడు మన గృహస్థుడి లెక్క వేద్దాం. ఆయన ముచ్చటపడ్డ ట్రక్కు స్టిక్కరు మీద 1,480 పౌండ్లు అని ఉందనుకోండి. ట్రైలరు నిండు బరువు 7,000. పదమూడు శాతం చొప్పున నొగ బరువు 910. బరువును పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అనే ఇనప సామాను ఉంటుంది, అదే ఒక 90. వెయ్యి అయిపోయింది, ఇంకా ఎవరూ బండెక్కలేదు. మిగిలింది 480. గృహస్థుడు 170, ఇల్లాలు 140. (ఇల్లాలి అంకె ఆమె చెప్పినదే, వ్యాఖ్యాతకు దాన్ని సవరించే ధైర్యం లేదు.) మిగిలింది 170. పెద్దపిల్ల 100, చిన్నవాడు 65. మిగిలింది అయిదు పౌండ్లు. ఆవకాయ జాడీ పెడితే సరి, తాఖీదు నిండింది. అత్తగారూ మామగారూ వాకిట్లో బ్యాగులు పట్టుకొని నిలబడి ఉన్నారు. వాళ్ళకోసమే గదా ఈ ప్రయాణం!

ఈ లెక్కలో చాలామంది జారిపోయే చోట్లు కొన్నున్నాయి. ట్రైలరు కంపెనీవారు ఇచ్చే ఖాళీ బరువు పట్టుకొని లెక్క వేయకూడదు. ఆ అంకె నాటికి ట్రైలరులో నీళ్ళు లేవు, గిన్నెలు లేవు, పరుపు మీద దుప్పటి కూడా లేదు. గ్యాలను నీళ్ళు 8.3 పౌండ్లు, నలభై గ్యాలన్ల తొట్టి నింపితే 332. వాళ్ళు రాసే ఖాళీ నొగ బరువు ఇంకా మోసం. గ్యాసు సిలిండర్లూ బ్యాటరీ సరిగ్గా నొగ మీదే కూర్చుంటాయి, చాలాసార్లు అవి లేకుండానే తూచి రాస్తారు. ఇరవై పౌండ్ల సిలిండరు అంటారు గాని, నింపితే ఇనుముతో కలిపి 37 దాకా తూగుతుంది. అలాంటివి రెండు. అందుకని ఎప్పుడూ ట్రైలరు మీద రాసిన గరిష్ఠ బరువు పట్టుకొనే లెక్క వేయాలి. కొన్న ఏడాదికి ఎలాగూ అక్కడికే చేరుతుంది. ఖాళీ అల్మరా కనబడితే నింపని ఇల్లాలు ఇంతవరకు పుట్టలేదు, మగవాళ్ళేమీ తక్కువ తినలేదు. క్రికెట్ కిట్టు ఎవరిది?

సామాను ఎక్కడ పెట్టారన్నదీ ఎంత పెట్టారన్నంత ముఖ్యం. అత్తగారి గ్రైండరు ట్రైలరు వెనక అరలో పెట్టి, పిల్లల సైకిళ్ళు వెనక బంపరుకు వేలాడదీస్తే, తూకం మొత్తం సరిగ్గానే ఉన్నా నొగ బరువు పడిపోతుంది. ఇడ్లీపిండి ఇంట్లోనే రుబ్బుకొని డబ్బాలో తెచ్చుకోవడం ఉత్తమం.

ముందుగాను. విశేషం లేదు. ట్రైలరు కొన్నాక దానికి తగిన ట్రక్కు వెతకడం కన్నా, ట్రక్కు స్టిక్కరు చూసి దానికి తగిన ట్రైలరు వెతకడం చవక.

తాఖీదు. అమెరికా చట్టం ప్రకారం, మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్లు మించని ప్రతి కొత్త ట్రక్కుకూ ఈ స్టిక్కరు ఉండాలి. కూర్చునేవారి బరువు, సరుకు బరువు కలిపి ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌండ్లు ఎన్నటికీ మించరాదు అని దాని భావం. సూత్రకారుడి పొదుపు చూడండి. ఒక్క వాక్యం. విశేషణం లేదు, పొగడ్త లేదు. శుద్ధ నిషేధం. నిండా పెట్రోలు ముందే లెక్కలో పోయింది కాబట్టి దాన్ని మళ్ళీ కలపనక్కర్లేదు. డ్రైవరు మాత్రం లెక్కలో ఉన్నాడు. శాస్త్రం దృష్టిలో ఆయనా సరుకే. వెనక తొట్టికి డీలరు బిగించి ఇచ్చిన మూత, పనిముట్ల పెట్టె కూడా ఈ అంకెలోంచే కోసుకుపోతాయి.

ఈ తాఖీదు మోడలుకు ఒకటి కాదు, బండికి ఒకటి. అదే పేరు, అదే రంగు, పక్కపక్కనే నిలిపిన రెండు ట్రక్కుల తలుపులు తెరిచి చూస్తే వందల పౌండ్ల తేడా కనబడుతుంది. నాలుగు చక్రాల డ్రైవు, పెద్ద క్యాబిను, గాలి ఊదే సీట్లు, తెరుచుకునే పైకప్పు, కరెంటుతో వాలే మెట్లు: ప్రతి సుఖమూ బరువే, ప్రతి బరువూ మోతలోంచి తీసివేతే. కనుక ఖరీదైన బండి ఎక్కువ మోస్తుందన్న మన సహజ విశ్వాసం ఇక్కడ తలకిందులవుతుంది. ఒకే వరసలో కూలీలు తీసుకెళ్ళే రబ్బరు నేల బండి రెండు వేల పౌండ్లు మోస్తుంటే, షావుకారు బండి పదిహేను వందలకు ఆయాసపడుతుంది. ఆవరణలో ఎండకు మాడుతూ ఒక్కొక్క తలుపూ తెరిచి స్టిక్కరును ఫోన్‌తో ఫొటో తీసుకునేవాణ్ని చూసి సేల్స్‌మన్లు లోపలికి వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి.

పేర్లను నమ్ముకోకూడదు. ఫోర్డ్ ఎఫ్-150, షెవీ సిల్వరాడో 1500, రామ్ 1500 లాంటివాటిని అర టన్ను ట్రక్కులంటారు. ఎఫ్-250, 2500 వాటిని ముప్పావు టన్ను. ఎఫ్-350, 3500 వాటిని ఒక టన్ను. ఒకప్పుడు ఆ మాటలకు మోతతో సంబంధం ఉండేది. ఇప్పుడు అవి వంశనామాలు. ఇంటిపేరు నేతివారైతే ఇంట్లో నెయ్యి ఉందనుకోవడం ఎంతో, ఇదీ అంతే.

బావమరిది ఇక్కడ మళ్ళీ అందుకుంటాడు. "అయితే వెనక స్ప్రింగుల దగ్గర గాలి సంచులు వేయిద్దాం బావా. కుంగదు."

కుంగదు. కుంగకపోవడమూ మోయడమూ ఒకటి కావు. వెనక భాగం చూపుకు సమంగా నిలుస్తుంది గాని ఇరుసు, బ్రేకులు, చక్రాలు, చట్రం అవే. స్టిక్కరు మీది అంకె ఒక్క పౌండు పెరగదు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కూడా అంతే. వెనక పడ్డ బరువులో కొంత ముందు చక్రాలకూ, కొంత ట్రైలరు చక్రాలకూ పంచుతుంది. స్టీరింగుకు ప్రాణం పోస్తుంది. ఏడు వేల పౌండ్ల ట్రైలరుకు అది లేకుండా బయల్దేరకూడదు కూడా. అంతమాత్రాన మోత పెరిగిందనుకోరాదు.

"సరే, ముప్పావు టన్ను డీజిలు కొనేద్దాం. గొడవే ఉండదు."

ఇది కొంత నిజం, కొంత వల. ఆ తరగతి బండి చట్రం, బ్రేకులు, ఇరుసులు గట్టివి. ఆరుగురినీ గ్రైండరునూ పెట్టుకొని కొండలెక్కే ఇంటికి నా ఓటు దానికే. కాని డీజిలు ఇంజనే వందల పౌండ్లు అదనం. ముప్పావు టన్ను బండ్లలో చాలావాటికి మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్ల దగ్గర ఆపేస్తారు. ఫలితంగా డీజిలు, నాలుగు చక్రాల డ్రైవు, తోలు సీట్లు అన్నీ ఉన్న ముప్పావు టన్ను బండి మోత, దాని పెట్రోలు తమ్ముడి కన్నా బాగా తక్కువ రావచ్చు. ధరలో డీజిలుకు వేల డాలర్లు వేరే. వారం రోజుల ప్రయాణానికి ఏడాదంతా పిల్లల్ని స్కూల్లో దింపుతూ, ఖాళీ బండి ప్రతి స్పీడ్ బ్రేకరు మీదా ఎగరేస్తుంటే నడుము పట్టుకోవడం వేరే. పెట్రోలు ముప్పావు టన్ను అన్న మధ్యేమార్గాన్ని అమ్మేవాళ్ళు గట్టిగా చెప్పరు. తలుపు తెరిచి చూసుకుంటే అదే చెబుతుంది.

కొండ దిగెడి వేళ. ఎక్కే వేళ అనకుండా దిగే వేళ అనడంలో కవి ఆంతర్యం ఉంది. ఎక్కేటప్పుడు శక్తి చాలకపోతే పోయేది పరువు. కుడి లేనులో నలభైలో పాకుతూ, వెనకవాళ్ళ హారన్లు వింటూ పైకి చేరవచ్చు. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు మూడు శాతం శక్తి పోగొట్టుకుంటుంది, అది సహజం. దిగేటప్పుడు పోయేది పరువు కాదు.

ఫోర్ట్ వర్త్ నుంచి అమరిల్లో, కొలరాడో మీదుగా వ్యోమింగ్ దాకా 287 నంబరు రహదారి యెల్లోస్టోన్ వైపు తీసుకుపోతుంది. లారమీ దాటాక గాలి మొదలవుతుంది. ఆ గాలికి ఖాళీ లారీలు బోర్లా పడిన కథలు ఆ దారిన ఎవరినడిగినా చెబుతారు. డుబోయిస్ అనే ఊరు దాటితే టోగొటీ కనుమ, 9,600 అడుగుల పైచిలుకు. అది ఎక్కి దిగుతుంటే ఎదురుగా టీటన్ శిఖరాలు ఆకాశంలోకి పొడుచుకొని కనబడతాయి. వాటిని చూడాల్సింది మామగారు. డ్రైవరు చూడాల్సింది గేరు. పాదం బ్రేకు మీద పెట్టి అదేపనిగా అలాగే దిగితే బ్రేకు పళ్ళాలు వేడెక్కి, ఒక వంపు దగ్గర పెడలు తొక్కినా బండి వినదు. పడమటి కొండదారుల్లో అక్కడక్కడ పక్కకు చీలి పైకి ఎక్కే కంకర దారులు వేసి ఉంటాయి. బ్రేకులు పోయిన బండ్లు దూరి ఆగడానికి. వాటిని చూడగానే పిల్లలు అదేమిటని అడుగుతారు. జవాబు ఇల్లాలికి వినబడకుండా చెప్పాలి.

దిగుడు మొదలుకాకముందే బరువు లాగేటప్పటి కోసం పెట్టిన టో-హాల్ మీట నొక్కి, కింది గేరులోకి దించి, ఇంజనుతోనే వేగం పట్టి ఉంచాలి. మరీ పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కి, వదిలి, చల్లారనివ్వాలి. ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండి, అవి ట్రక్కులోని బ్రేక్ కంట్రోలరుతో మాట్లాడుతూ ఉండాలి. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలరుకు బ్రేకులు తప్పనిసరి. వ్యోమింగ్ కొండకు చట్టం చదవడం రాదు గనుక అంతకు తక్కువున్నా ఉండటం మంచిది. బయల్దేరేముందు హైవే పక్క ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ అనే బండ్ల కాటా మీద ఒకసారి నిలిపితే ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలరు ఇరుసు వేర్వేరుగా తూచి చీటీ చేతిలో పెడతారు. కొన్ని డాలర్ల పని. గుళ్ళో వాహనపూజ చేయించి ఎనిమిది చక్రాల కింద ఎనిమిది నిమ్మకాయలు పెట్టించేవారు కూడా ఈ తూకం మానేస్తారు. రెండూ చేయించుకోవచ్చు, శాస్త్రవిరోధం లేదు.

గోల. ట్రైలరు ఊగడం మొదలైనప్పుడు బండిలో జరిగేది. వెనక అద్దంలో ముందు ట్రైలరు ఎడమ మూల కనబడుతుంది, తర్వాత కుడి మూల, తర్వాత మళ్ళీ ఎడమ, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ. "ఏవండీ, ఏమిటండీ అది?" అని ఒకరు, "నెమ్మదిగా నాయనా" అని ఒకరు, ఇంకొకరు ఆంజనేయ దండకం. ఆ గోలలో డ్రైవరు కాలు సహజంగా బ్రేకు మీదికి పోతుంది. పోకూడదు. ఆక్సిలరేటరు వదలాలి, స్టీరింగును తిప్పి సరిచేయబోకుండా నేరుగా పట్టుకోవాలి, కంట్రోలరు మీద చేత్తో నొక్కే మీట ఉంటుంది, అది నొక్కి ట్రైలరు బ్రేకులు మాత్రమే పట్టించాలి. అప్పుడు ట్రైలరు వెనకనుంచి గుంజి తిన్నబడుతుంది. ఆగిన చోట దిగి, వెనక అరలోని గ్రైండరును ముందుకు మార్చాలి. అత్తగారు చూస్తుండగా మార్చాలి. లేకపోతే తర్వాతి మజిలీలో అది మళ్ళీ వెనక్కే పోతుంది.

ఛందస్సు, అలంకారం. ఆటవెలది. రెండో పాదంలో మో, ము లకు, నాలుగో పాదంలో కొ, గో లకు యతి చెల్లింది. పద్యంలో కవి తూకం తప్పలేదు. అతిశయోక్తి లేదు, అది బ్రోచరులో ఉంది.

పాఠాంతరం. నాలుగో పాదం చివర "గోళమేల" అని కొందరు చదువుతారు. గోళమంటే ట్రక్కు కొక్కెం మీది ఇనప బంతి అని వారి వాదం. ఛందస్సుకు భంగం లేదు గాని, కొండ దిగే వేళ బంతి ఎందుకని కవి అడగడు. అప్పుడే అది మరీ కావాలి. కాబట్టి ఆ పాఠం అగ్రాహ్యం. అయితే ఆ పాఠం పట్టుకొచ్చినవారిలో ఒకరు చెప్పిన మాట మాత్రం పారేయదగినది కాదు. బంతులు ఒకే కొలతవి కావు. రెండు అంగుళాలదీ, రెండు అంగుళాల మీద పదహారింట అయిదు వంతులదీ పక్కపక్కన పెడితే కంటికి ఒక్కలాగే ఉంటాయి. పెద్ద బంతికి చేసిన మూతిని చిన్న బంతి మీద దించితే గొళ్ళెం పడినట్టే చప్పుడు చేస్తుంది, పార్కింగ్ స్థలం దాటేదాకా బాగానే వస్తుంది, మొదటి గుంతలో ఎగిరి ఊడిపోతుంది. కొలత బంతి నెత్తి మీదే చెక్కి ఉంటుంది. గ్రీజు తుడిచి చదువుకోవాలి.